మలినాన్ని నాటే నేర్పు

నియోబియం 2,477 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాని స్ఫటికాన్ని శూన్యపు గదిలో పెట్టి, ఇంచుమించు 2,400 డిగ్రీల దాకా తెల్లగా కాలనిచ్చి, క్షణాల్లో వేడి ఆపేస్తారు. ఇంకొంచెం ఎక్కువ కాలితే స్ఫటికం ముద్దైపోతుంది. ఇంత తెగింపు దేనికంటే, ఆక్సిజన్‌ను వదిలించడానికి. నియోబియం ఆక్సిజన్‌ను పట్టుకుంటే వదలదు. పైన పట్టింది చాలక, లోహం లోపల ఇంకి ఉన్నది కూడా వేడి తగలగానే పైకి వస్తుంది. మామూలు వేడికి అది ఎగిరిపోదు. ఉపరితలం మీద చారలు చారలుగా పేరుకుని కూర్చుంటుంది. కరిగే అంచుదాకా తీసుకెళ్తే తప్ప స్వచ్ఛమైన లోహపు ముఖం బయటపడదని, ఎలా తీసుకెళ్లాలో కూడా జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2019లో వివరంగా రాశారు.

అంత కష్టపడి శుభ్రం చేసిన ముఖం మీద తర్వాత చేసే మొదటి పని, దాన్ని మళ్లీ మురికి చెయ్యడం. గుప్పెడు క్రోమియం పరమాణువులో మాంగనీసు పరమాణువులో దాని మీద చల్లుతారు. ఇవి మామూలు మలినాలు కావు. అతివాహకతకు బద్ధవిరోధులని పేరుపడ్డ అయస్కాంత మలినాలు. వాటిని ఒక్కొక్కటిగా సూదిమొనతో జరిపి, కోరిన చోట కూర్చోబెడితే, కింద ఉన్న సాదాసీదా అతివాహకం పైపొరలో కొత్త స్థితులు తయారవుతాయి. వాటికి టోపలాజికల్ స్థితులని పేరు. ఈ రంగం గురించి రాసేవాళ్లు ఎక్కువగా క్వాంటమ్ కంప్యూటర్ల భవిష్యత్తు గురించి రాస్తారు. అది వచ్చినప్పుడు చూసుకోవచ్చు. నాకు ఇందులో ముందు కనిపించేది పనితనం: ఏ మలినం, ఎక్కడ, ఎంత దూరంలో, ఏ దిక్కున అన్న నాలుగు ప్రశ్నల చుట్టూ సాగిన చేతిపని. ఆ చేతిపనిని కాస్త దగ్గరగా చూద్దామనే ఈ వ్యాసం.

మలినానికీ అతివాహకతకూ ఉన్న వైరం పాతదే కానీ, మొదట్లో మనుషులు దాన్ని తప్పుగా ఊహించారు. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్నెస్ పాదరసాన్ని ఎంచుకున్నది దాని స్వచ్ఛత కోసమే. బట్టీ పట్టి మళ్లీ మళ్లీ శుద్ధి చెయ్యగలిగిన లోహం అది. విద్యుత్ నిరోధం తగ్గుతూ పోవాలంటే మలినాలు ఉండకూడదని అప్పటి నమ్మకం. 4.2 కెల్విన్ దగ్గర నిరోధం ఒక్కసారిగా మాయమైంది. తీరా చూస్తే ఆ మాయమవడానికి అంతటి స్వచ్ఛత అక్కర్లేదు. సీసం, తగరం వంటివి మరీ మెరుగుపెట్టకపోయినా అతివాహకాలే. దీనికి సరైన కారణం చెప్పడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1959లో ఫిలిప్ ఆండర్సన్ చెప్పిన మాట ఇది: అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి, కాలాన్ని వెనక్కి తిప్పితే జంటలో ఒకటి రెండోది అవుతుంది. మామూలు మలినం ఎలక్ట్రాన్ దారి మళ్లిస్తుంది, నిజమే. కానీ దారి మళ్లిన ఎలక్ట్రాన్‌కు కూడా, కాలం వెనక్కి తిప్పితే వచ్చే జోడీ ఒకటి ఉండనే ఉంటుంది. జంట చెడదు.

అయస్కాంత మలినం సంగతి వేరు. దాని స్పిన్ ఒక దిక్కుకు చూస్తూ ఉంటుంది. జంటలోని రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, ఒకదాన్ని దగ్గరికి రమ్మంటే రెండోదాన్ని పొమ్మంటుంది. 1958లో మాథియాస్, సూల్, కోరెన్‌జ్విట్ లాంథనంలో అరుదైన మృత్తికా లోహాలను కలిపి చూసినప్పుడు, గాడోలినియం ఒక్క శాతం చేరేసరికే అతివాహకత దాదాపు అడుగంటింది. 1960లో అబ్రికోసోవ్, గోర్కోవ్ దీనికి లెక్క కట్టారు. వాళ్ల లెక్కలో మలినాలు గుంపు. ఎన్ని ఉన్నాయన్నదే ప్రశ్న, ఏది ఎక్కడుందన్నది కాదు.

ఒంటరి మలినం ఏం చేస్తుందని అడిగినవాళ్లు ముగ్గురు, ఒకరికొకరు సంబంధం లేకుండా అడిగారు. చైనాలో యూ లూ 1965లో, జపాన్‌లో హిరోయుకి షిబా 1968లో, సోవియట్ దేశంలో రుసినోవ్ ఆ వెంటనే. మొదటి వ్యాసం చైనా పత్రికలో వచ్చింది. బయటి ప్రపంచం చాలాకాలం దాన్ని గమనించలేదు. ఇప్పుడు ముగ్గురి పేర్లూ కలిపి ఆ స్థితిని పిలుస్తారు. వాడుకలో మాత్రం పొట్టిగా షిబా స్థితి అనే అంటున్నారు. మొదట రాసినాయనకు అది కొంచెం అన్యాయమే.

వాళ్లు కనుక్కున్నది ఇది. అతివాహకంలో ఎలక్ట్రాన్ల శక్తికి ఒక నిషిద్ధ ప్రాంతం ఉంటుంది. అందులో ఏ స్థితీ ఉండకూడదు. నియోబియంలో ఆ ప్రాంతం సున్నాకు అటూ ఇటూ 1.5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల చొప్పున ఉంటుంది. అయస్కాంత మలినం ఒకటి వచ్చి చేరితే, ఆ నిషిద్ధ ప్రాంతం నడుమ ఒక స్థితి పుడుతుంది. అది మలినం చుట్టూ మాత్రమే ఉంటుంది. మలినం బలం పెరిగేకొద్దీ నిషిద్ధ ప్రాంతపు అంచు నుంచి సున్నా వైపు జారుతుంది. ఒక బలం దగ్గర సరిగ్గా సున్నాను తాకుతుంది, ఆపైన అవతలి వైపుకు దాటుతుంది. దాటిన క్షణంలో మలినం పక్కనున్న జంటల్లో ఒకటి తెగి, ఒక ఎలక్ట్రాన్ మలినంతోనే ఉండిపోయినట్టు లెక్క. ఒక్క పరమాణువు చుట్టూ జరిగే దశామార్పు ఇది. కాగితం మీద ఒక పంక్తి సూత్రంగా ఇమిడిపోయే ఈ విషయంలోనే తర్వాతి అరవై ఏళ్ల పనికి ముడిసరుకు ఉంది. బలాన్ని మలినం ఎంపికతో మార్చవచ్చు: క్రోమియం ఒకలా, మాంగనీసు ఇంకోలా, ఇనుము మరోలా.

ఆ స్థితిని కంటితో చూసినట్టు చూసింది 1997లో, కాలిఫోర్నియాలోని ఐబీఎం ఆల్మడెన్ ప్రయోగశాలలో. అలీ యజ్దానీ, డాన్ ఐగ్లర్, వాళ్ల సహచరులు నియోబియం మీద మాంగనీసు, గాడోలినియం, వెండి పరమాణువులను విడివిడిగా వేసి స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ కింద పెట్టారు. 1990లో 35 జీనాన్ పరమాణువులతో కంపెనీ పేరు రాసిన ఐగ్లరే ఈయన. మాంగనీసు దగ్గర, గాడోలినియం దగ్గర నిషిద్ధ ప్రాంతంలో స్థితి కనిపించింది. వెండి దగ్గర ఏమీ లేదు. ఆ వెండి ఉండటమే ఈ పనిలో నాకు నచ్చిన భాగం. అయస్కాంతం కాని మలినం ఏమీ చెయ్యదన్న ఆండర్సన్ మాటను, అదే పలక మీద, అదే సూదితో సరిచూసుకున్నారు. వెండి లేకుండా కూడా ఆ వ్యాసం అచ్చయ్యేదే. ఉండబట్టే ఇప్పటికీ నిలబడింది.

అయితే ఆ స్థితి చాలా పొట్టిది. మలినం నుంచి ఒకటి రెండు పరమాణువుల దూరం వెళ్లేసరికి కనబడదు. నియోబియం మూడు దిక్కులా ఎలక్ట్రాన్లు తిరిగే లోహం కాబట్టి, షిబా స్థితి తరంగం లోతుల్లోకీ పోతుంది, పక్కలకీ పోతుంది, త్వరగా పలచబడుతుంది. రెండు పరిమాణాల్లోనే తిరిగేట్టు చేస్తే? పారిస్ శాస్త్రవేత్తలు 2015లో నియోబియం డైసెలినైడ్ అనే పదార్థాన్ని తీసుకున్నారు. అట్టలు అట్టలుగా విడివడే స్ఫటికం అది. ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఆ అట్టల్లోనే తిరుగుతాయి. 7.2 కెల్విన్ కింద అతివాహకం. అందులో పలచగా ఉన్న ఇనుప మలినాల మీద 0.3 కెల్విన్ దగ్గర సూది పెడితే, ఒక్కో ఇనుప పరమాణువు చుట్టూ ఆరు కొమ్ముల నక్షత్రం కనిపించింది. కొమ్ములు పది నానోమీటర్ల దాకా సాగాయి. తరంగపు ఎత్తు మూడు పరిమాణాల్లో దూరానికి విలోమంగా పడిపోతే, రెండు పరిమాణాల్లో దూరపు వర్గమూలానికి విలోమంగానే పడిపోతుంది. ఆ చిన్న తేడా వల్ల మలినం చెయ్యి ఎన్నో పరమాణువుల అవతలికి చాపగలిగింది.

ఆ ఆరు కొమ్ములు ఎందుకంటే, ఆ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులా ఒకేలా పరుగెత్తవు. షడ్భుజి ఆకారంలో ఉన్న స్ఫటికపు దారుల్లో ఎక్కువగా వెళతాయి. అంటే మలినం చుట్టూ కనిపించే బొమ్మ మలినానిది మాత్రమే కాదు, కింద ఉన్న లోహానిది కూడా. మలినం ఉంటే తప్ప ఆ బొమ్మ కనబడదు. ఈ మాట ఇంకోచోట ఇంకోలా నిజమైంది. స్ట్రాన్షియం రుథినేట్ అనే అతివాహకం 1998లో అయస్కాంతం కాని మలినాలకు కూడా విపరీతంగా లొంగిపోతుందని తేలింది. ఆండర్సన్ లెక్క దానికి పట్టలేదు కాబట్టి, అందులోని జంటలు మామూలు జంటలు కావని అందరికీ అర్థమైంది. ఆ జంటలు ఏ రకమన్నది మాత్రం 2019 తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. మలినం సాక్షి మాత్రమే, తీర్పు ఇవ్వదు.

ఇప్పుడు ఒక్క మలినం నుంచి చాలా మలినాలకు. రెండు షిబా స్థితులు పక్కపక్కన ఉంటే ఒకదాని తరంగం రెండోదాన్ని తాకుతుంది, ఒక శక్తి రెండుగా చీలుతుంది. వంద పక్కపక్కన ఉంటే వంద శక్తులు కలిసి పట్టీలా పరుచుకుంటాయి. నిషిద్ధ ప్రాంతం నడిమధ్య, మలినాలే కట్టుకున్న కొత్త ఎలక్ట్రాన్ పట్టీ అది. ముగ్గు వేసేవాళ్లకు ఈ పని వెంటనే అర్థమవుతుంది. చుక్కలు ఎలా పెట్టామన్నదాన్ని బట్టే గీత ఎటు తిరగాలో తేలిపోతుంది. ఇక్కడ తేడా ఒక్కటే, చుక్కలు మనిషి పెడితే గీత ఎలక్ట్రాన్ వేస్తుంది.

ఆ పట్టీకి టోపాలజీ ఎక్కడి నుంచి వస్తుంది? నియోబియం, సీసం, రీనియం లాంటి బరువైన లోహాల్లో ఎలక్ట్రాన్ ఎటు పరుగెడుతుందన్నదానికీ దాని స్పిన్ ఎటు చూస్తుందన్నదానికీ ముడి ఉంటుంది. స్పిన్‌లన్నీ ఒకే వైపు తిరిగిన షిబా పట్టీలో మామూలు జంటలు కుదరవు, ఎందుకంటే మామూలు జంటకు ఎదురెదురు స్పిన్‌లు కావాలి. కానీ ఈ ముడి వల్ల ఇంకో రకం జంట సాధ్యమవుతుంది. దిక్కు తిరిగేకొద్దీ దశ కూడా తిరిగే జంట అది. ఒక పూర్తి చుట్టు తిరిగివస్తే దశ ఎన్ని చుట్లు తిరిగిందన్నది పూర్ణసంఖ్యే అవుతుంది. కొద్దిగా మారడం దానికి చేతకాదు. ఒకటి రెండైనా కావాలి, లేదంటే సున్నా కావాలి. లోపల ఒకటి, బయట సున్నా అయితే, సరిహద్దులో ఏదో ఒకటి జరిగి తీరాలి. అక్కడ నిషిద్ధ ప్రాంతం మూతపడి, అంచు వెంబడి స్థితులు పుడతాయి. ఆ అంచు స్థితులు సగం ఎలక్ట్రాన్, సగం ఎలక్ట్రాన్ లేని ఖాళీ. కణమూ తానే, ప్రతికణమూ తానే. 1937లో ఎత్తోరే మేజరానా ఇలాంటి కణం ఉండవచ్చని రాసినందుకు ఆయన పేరే పెట్టారు.

పారిస్ నక్షత్రాలు బయటపడిన 2015లోనే ఫిన్లాండ్ నుంచి రొంట్యునెన్, ఓయానెన్ ఇంకో లెక్క ప్రచురించారు. షిబా స్థితి దూరం దాకా చెయ్యి చాపితే, ఒక్కో మలినం పక్కదానితోనే కాక పదుల మలినాలతో సంబంధం పెట్టుకుంటుంది. అప్పుడు ఆ పూర్ణసంఖ్య ఒకటీ రెండూ కాదు, చాలా పెద్దది కావచ్చు. మలినాల మధ్య దూరం కొద్దిగా మారితే సంఖ్య దూకుతుంది. కొలిచిన విషయమూ లెక్కించిన విషయమూ ఒకే ఏడాది ఎదురుపడ్డాయి.

మొదట రెండు పరిమాణాల పని చేసినవాళ్లు చుక్కలను ఒక్కొక్కటిగా పెట్టలేదు. ముద్దలుగా పెట్టారు. పారిస్ బృందమే 2017లో సిలికాన్ మీద కోబాల్ట్‌ను వేసి, దాని మీద ఒకే ఒక్క పరమాణువు మందాన సీసం పొరను పరిచింది. అంత పలుచటి సీసం కూడా 1.8 కెల్విన్ దగ్గర అతివాహకమవుతుంది. దానికదే ఒక వింత. కోబాల్ట్ ఆ సీసం పొర కింద దాగి, కొన్ని నానోమీటర్ల వెడల్పున్న ద్వీపాలైంది. ఆ ద్వీపాల అంచుల చుట్టూ వలయాకారంలో స్థితులు కనిపించాయి, శక్తిని మార్చినకొద్దీ వలయం ఆకారం మారింది. మలినాన్ని పైన కాక కింద పెట్టాలన్న ఆలోచన చాలా తెలివైనది. సూదికీ అతివాహకానికీ మధ్య అడ్డం లేకుండా పోయింది.

హాంబర్గ్‌లో రోలాండ్ వీజెండాంగర్ ప్రయోగశాల 2019లో ఇంకో దారి పట్టింది. రీనియం మీద ఇనుప ద్వీపాలు వేస్తే ఆశించిన అంచు స్థితులు రాలేదు. మధ్యలో ఒక్క ఆక్సిజన్ పొర పెడితే వచ్చాయి. నియోబియం వాళ్లు 2,400 డిగ్రీలు పెట్టి తరిమేసిన ఆక్సిజన్‌నే ఇక్కడ పిలిచి పీట వేశారు. ఇనుముకూ రీనియానికీ మధ్య సంబంధం మరీ గట్టిగా కాకుండా, మరీ వదులుగా కాకుండా ఆ పొర సరిచేసింది. అక్కడి లెక్క ప్రకారం పూర్ణసంఖ్య 20. ఒకటి కోసం వెతుకుతుంటే ఇరవై వచ్చింది.

ఇంతకీ ఈ వ్యాసం రాయడానికి నన్ను పురిగొల్పింది వీటిలో ఏదీ కాదు. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలోని సిద్ధాంతకారులు, జర్మనీలోని హాలే పట్టణంలో మాక్స్ ప్లాంక్ సంస్థ ప్రయోగకారులు, యూలిష్, వూర్ట్స్‌బర్గ్ వాళ్లను కలుపుకుని 2023లో ప్రచురించిన పని అది. నియోబియం మీద క్రోమియం పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చి రెండు పరిమాణాల జాలకాలు కట్టారు. ముద్దలు కావు, ద్వీపాలు కావు. చుక్క చుక్కా లెక్కపెట్టి పెట్టినవి.

ఆ పని ఎలా ఉంటుందో చూడండి. నియోబియం పలకను చల్లగా ఉంచే క్రోమియాన్ని చల్లాలి. వెచ్చగా ఉంటే పరమాణువులు వాటంతటవే తిరిగి గుంపులు కడతాయి. చల్లటి పలక మీద పడ్డది పడ్డచోటే ఉండిపోతుంది. తర్వాత సూదిమొనను నియోబియంలోనే గుచ్చి, మొన మీద కాస్త అతివాహకం అంటుకునేలా చేస్తారు. అతివాహకపు మొనకు తనదైన నిషిద్ధ ప్రాంతం, దాని కత్తి అంచూ ఉంటాయి కాబట్టి, మామూలు మొన మసకగా చూపేదాన్ని ఇది విడదీసి చూపుతుంది. ఆ మొననే పరమాణువుకు బాగా దగ్గరగా దించి పక్కకు లాగితే, పరమాణువు ఒక గుంట నుంచి పక్క గుంటలోకి జారుతుంది. దూరం పది పికోమీటర్లు అటూ ఇటూ అయినా పట్టు మారిపోతుంది. టన్నెలింగ్ కరెంటు నూరు పికోమీటర్లకు పదింతలవుతుందంటే ఆ సున్నితత్వం అర్థమవుతుంది.

గుంటల అమరిక కూడా చూడాలి. నియోబియం ఆ ముఖం మీద పరమాణువులు దీర్ఘచతురస్రాల్లో కూర్చుంటాయి: ఒక వైపు 330 పికోమీటర్లు, ఇంకో వైపు 467, నడిమధ్యలో ఇంకొక పరమాణువు. రెండో సంఖ్య మొదటిదానికి రెండు వర్గమూలం రెట్లు. దీర్ఘచతురస్రానికి రెండు అద్దపు రేఖలు ఉంటాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. క్రోమియం జాలకాన్ని ఆ రేఖల ప్రకారం పేర్చితే అద్దపు సౌష్ఠవం నిలుస్తుంది. ఏటవాలుగా పేర్చితే పోతుంది. ఈ బృందం వెతికిన టోపాలజీ ఆ అద్దపు సౌష్ఠవం కాపాడే రకం. అంటే సౌష్ఠవాన్ని నిలబెట్టడం, చెడగొట్టడం వాళ్ల చేతుల్లోనే ఉంది. ప్రకృతిలో దొరికే స్ఫటికం ఇలాంటి స్వేచ్ఛ ఇవ్వదు.

ఇంకొక చిక్కు ఉంది. క్రోమియం పరమాణువు ఒక్క షిబా స్థితిని కాదు, చాలావాటిని పుట్టిస్తుంది. దాని డీ ఆర్బిటాళ్లు రేకులు రేకులుగా వేర్వేరు దిక్కులకు చూస్తుంటాయి. ఒక్కో ఆర్బిటాల్‌కు ఒక్కో షిబా స్థితి, ఆ రేకుల ఆకారంతోనే. కాబట్టి పక్క పరమాణువును రేకు చూసే దిక్కున పెడితే సంబంధం గట్టిగా ఉంటుంది, రేకుల మధ్య సందులో పెడితే వదులుగా ఉంటుంది. దూరమూ దిక్కూ మారితే పరమాణువుల స్పిన్‌లు సమాంతరంగా నిలబడతాయో ఎదురుబొదురుగా నిలబడతాయో కూడా మారిపోతుంది. హాలే ప్రయోగకారులు జాలకాల జోలికి వెళ్లకముందే, 2021లో, నియోబియం మీద రెండేసి క్రోమియం పరమాణువులను వేర్వేరు దూరాల్లో పెట్టి ఈ సంబంధాలన్నీ కొలిచి పెట్టుకున్నారు. ఇల్లు కట్టేముందు ఇటుకను తట్టి చూసినవాళ్లు. ఆ ఓపికే తర్వాతి పనికి పునాది.

జాలకాల్లో వాళ్లు చూసినవి రెండు రకాలు. ఒక రకం అమరికలో అంచుల వెంబడి స్థితులు, వాటితోపాటు మూలల్లోనూ స్థితులు. రెండు పరిమాణాల వస్తువుకు అంచు ఒక పరిమాణం, మూల సున్నా పరిమాణం. మామూలు టోపాలజీ అంచుతో ఆగిపోతుంది. అంచును కూడా దాటి మూలకు చేరేదాన్ని ఉన్నత శ్రేణి టోపాలజీ అంటున్నారు. ఇంకో రకం అమరికలో జాలకం లోపలే నిషిద్ధ ప్రాంతం కొన్ని బిందువుల దగ్గర మూతపడుతుంది. సౌష్ఠవం చెడితే తప్ప ఆ బిందువులు తొలగవు. పలక ఒకటే, పరమాణువూ ఒకటే. అమరిక మారితే పదార్థమే మారినట్టయింది. నేను మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి చదివిన భాగం ఇదే. రసాయనశాస్త్రంలో కొత్త పదార్థం కావాలంటే కొత్త మూలకాలు కలపాలి, కొలిమి పెట్టాలి. ఇక్కడ సూది కదిలితే చాలు. అంచు ఏ దిక్కున తెగాలో కూడా వాళ్లే నిర్ణయిస్తారు. హాంబర్గ్‌లో 2023లోనే నియోబియం మీద మాంగనీసును నిండు పొరగా పరిచి, స్పిన్‌లు ఎదురుబొదురుగా ఉన్న అమరికలో ఈ రెండో రకం బిందువులను చూశారు; అక్కడా ఏ అంచు ఎటు తెగిందన్నదాన్ని బట్టి అంచు స్థితులు మారాయి. ఆ పొర అంచులు పెరిగినచోట పెరిగాయి. ఈ జాలకం అంచులు కోరినచోట ముగిశాయి. పనితనంలో తేడా అక్కడ ఉంది.

క్రోమియం జాలకాల గురించిన ఆ 2023 వ్యాసం శీర్షికలో ‘సాధ్యమైన వేదిక’ అన్న అర్థంలో ఒక మాట పెట్టారు, సారాంశంలో కనిపించినవి టోపాలజీకి ‘అనుగుణమైన’ ఆనవాళ్లని రాశారు. ఈ రంగం చరిత్ర తెలిసినవాళ్లకు ఆ తగ్గిన గొంతు విలువ తెలుస్తుంది. 2014లో ప్రిన్స్‌టన్‌లో సీసం మీద తమంతట తాము కట్టుకున్న ఇనుప గొలుసుల చివర్లలో సున్నా శక్తి దగ్గర శిఖరం కనిపించినప్పుడు, మేజరానా దొరికిందని ఎంత సందడి జరిగిందో. సున్నా దగ్గర శిఖరం కనిపించినంత మాత్రాన అది మేజరానా కాదు. షిబా స్థితి తనంతట తానే సున్నాను దాటుతుందని మొదట చెప్పుకున్నాం కదా. గొలుసు చివర పరమాణువుకు ఒకవైపు పొరుగు లేదు కాబట్టి దాని స్థితి సున్నా దగ్గరికి జరగడం పెద్ద వింత కాదు. హాలే ప్రయోగకారులే 2022లో, పలచగా పేర్చిన గొలుసుల చివర్లలో కనిపించే ఇలాంటి సున్నా శక్తి స్థితులు మేజరానాలు కావని ఒక వ్యాసమే రాశారు. శీర్షికలోనే కాదని చెప్పారు. తమ సొంత గొలుసుల మీద తామే ఆ తీర్పు రాసుకున్నవాళ్లు, మరుసటి ఏడాది జాలకాల గురించి రాసేటప్పుడు గొంతు తగ్గించడంలో ఆశ్చర్యం లేదు.

ఇదే నిదానం హాంబర్గ్ మాంగనీసు గొలుసుల్లోనూ ఉంది. అవి రెండు పరిమాణాలవి కాకపోయినా ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2022లో వాళ్లు నియోబియం మీద 45 పరమాణువుల దాకా గొలుసులు కట్టారు, ఒక్కో పరమాణువు చేరుస్తూ రెండు చివర్లనూ కొలుస్తూ వెళ్లారు. ఒక చివర మాత్రమే చూస్తే ఏ మలినమైనా మోసం చెయ్యగలదు. రెండు చివర్లూ ఒకేసారి ఒకేలా సున్నా నుంచి చీలి, మళ్లీ కలిసి, గొలుసు పొడుగుతోపాటు ఊగుతుంటే, ఆ రెండింటి మధ్య సంబంధం ఉన్నట్టే. అయినా వాటిని మేజరానాలని పిలవలేదు, వాటి పూర్వరూపాలని పిలిచారు. వాళ్ల లెక్క ప్రకారం చివరలు పూర్తిగా విడిపోవాలంటే 35 నానోమీటర్లు, అంటే సుమారు 70 పరమాణువులు కావాలి.

ఆ 70 దగ్గరకు వెళ్లినా ఇంకో గోడ ఉంది. అదే లెక్కలో మేజరానాను కాపాడే శక్తి అంతరం 50 మైక్రో ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. మామూలు లోహపు సూది 0.3 కెల్విన్ దగ్గర కూడా వేడి వల్ల 90 మైక్రో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల మేర మసకబారుతుంది. 1997 నాటి ఐబీఎం ప్రయోగం జరిగిన 4 కెల్విన్ దగ్గరైతే ఆ మసక 1.2 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, దాదాపు నియోబియం నిషిద్ధ ప్రాంతపు సగమంత. అందుకే సూది మొనకు అతివాహకం అంటించడం. జాలకంలో ఈ అంతరం ఇంకా చిన్నదైతే, అందులో సున్నా దగ్గర కనిపించిన మెరుపు నిజంగా సున్నానా, సున్నాకు పక్కనా అన్నది ఆ మొనకు కూడా చెప్పడం కష్టం. అంతరాన్ని పెంచాలంటే స్పిన్‌కూ పరుగుకూ మధ్య ముడి బిగించాలి. అంటే నియోబియం కన్నా బరువైన లోహం పొర ఒకటి మధ్యలో పెట్టాలి, దాని మీద క్రోమియం ఎలా కూర్చుంటుందో, రేకులు ఎటు తిరుగుతాయో, జంటజంటగా మళ్లీ మొదటి నుంచి కొలవాలి.